వ్యాసమునకు విషయము

వ్యాసము వ్రాయుమనగనే పలువురు బాలురు హిమాలయములను గూర్చియో, గంగానదిని గూర్చియో వ్రాయబూనుదురు. చూడనివానిని గూర్చి వ్రాయునపుడు ఇతరుల మాటలే కలమున కెక్కును.

చిత్తూరు నానుకొనియున్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డి, మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుచు, 1899లో ఒక కావ్యరచన పోటీకి 'ముసలమ్మ మరణము' వ్రాసెను. నాటి కవులు పెక్కుమంది పురాణకథల నాశ్రయించుచుండిరి. ఆయనయో, అనంతపురసీమలోని బుక్కరాయసముద్రపు చెరువుకట్ట నిలుచుటకై ప్రాణమర్పించిన యొక కాపుటింటి కోడలి కథను గైకొనెను. బహుమతి యాయనకే లభించెను. చెరువు తెగిన నూరి కేమగునో రాయలసీమ బిడ్డకు వేరొకరు చెప్పవలెనా?

నేటి చంద్రగిరి ప్రాంతపు బాలునికి 'నీటి విలువ' యను విషయము మిక్కిలి విరివి. 'మా యూరి చెరువు' అన్నచో చేతికందును. కార్తికపు వానలకు అలుగు పారిన దినము, వేసవిలో బోరు ఎండగా అమ్మ బిందెతో నిలిచిన వరుస, ఇవి యతడు కన్నవి. ఐనను కన్నదంతయు ఉదాహరణము కాదు. అలుగు పారిన నాడు తిన్న పిండివంటల పట్టిక రుచిగా నుండునేమో గాని, నీటి విలువను దెలుపదు. దానిని విడిచి, ఆ నీటితో తమవారు ఎన్ని కయ్యలు నాటిరో, నీరు చాలని యేట ఎన్నింటిని బీడు పెట్టిరో తాతనడిగి వ్రాయవలెను.