గెట్టు తగవు: కంచెకు ముందు కొలత

కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలమున పొలమునకు పొలమునకు నడుమ నుండు గట్టును జనులు గెట్టు అందురు. పోచారము జలాశయపు కాలువల క్రింద వరి పండించు రైతునకు గెట్టు వట్టి మట్టికట్ట కాదు. మడిలో నీరు నిలుపునది అదియే. ఎరువుమూట మోసికొనిపోవు బాట అదియే. పశువుల గడ్డియు అచ్చటనే దొరకును. కావుననే అది జానెడు జరిగినను రైతు మనస్సు కలతపడును. మాట మాటకు పెరిగి, గొడ్డలి చేతికి వచ్చి, రెండు కుటుంబములు తరతరములు పలుకరించుకొనని సందర్భములు పల్లెలలో అందరెరిగినవే.

ఈ తగవునకు ఇటీవల మరియొక కారణము తోడైనది. 2025 ఆగస్టు చివరివారమున జిల్లాలో కురిసిన కుంభవృష్టికి, 1922లో పూర్తియైన పోచారము జలాశయము మున్నెన్నడును చూడని వరదను మోసినది. ఆనకట్ట నిలిచినది గాని, దిగువ పొలములపై ఇసుక మేటలు వేసినది. గెట్లు కోసికొనిపోయి, హద్దురాళ్లు కదలినచోట ఇసుక తీసి మడి కట్టవలసిన రైతు, గెట్టును ఎచ్చట వేయవలెను? తనకు జ్ఞాపకమున్నచోట వేయుదునని అతడనును. పొరుగువాని జ్ఞాపకము వేరుగా నుండును. ఇద్దరును అబద్ధమాడుట లేదు. ఇద్దరును గెట్టునే హద్దుగా ఎంచుచున్నారు. అసలు చిక్కు అచ్చటనే యున్నది. గెట్టు హద్దును చూపు గురుతు మాత్రమే. హద్దు కాగితముపై అంకెలలో నున్నది.

ఆ అంకెలు ఎచ్చటివి? నిజాము పాలనలో, సాలార్ జంగు సంస్కరణల పిమ్మట, తెలంగాణ భూములను గొలుసుతో కొలిచి సర్వే నంబర్లు ఇచ్చిరి. ఒక్కొక్క నంబరు కొలతలు వ్రాసిన చిత్తుపటమును టిప్పను అందురు. గ్రామము మొత్తము పటము నక్షా. పహాణీ, పట్టాదారు పాసుపుస్తకము భూమి ఎవరిదో, ఎంతయో చెప్పును గాని, ఎచ్చటినుండి ఎచ్చటివరకో చెప్పవు. అది చెప్పవలసినది టిప్పను. తగవు వచ్చినపుడు పాసుపుస్తకము పట్టుకొని వాదించువారు పెక్కుమంది. టిప్పను నకలు తెప్పించువారు అరుదు.

ఆనాటి గొలుసు పొడవు 33 అడుగులు. దానికి 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరము ఒక గుంట, అనగా 1089 చదరపు అడుగులు. అట్టివి 40 చేరిన ఎకరము. ఈ లెక్క తెలిసిన రైతు తన తగవును తానే తూచుకొనగలడు. పది గొలుసుల గెట్టు, అనగా 330 అడుగులది, ఒక అడుగు జరిగినదనుకొందము. పోయినది 330 చదరపు అడుగులు; గుంటలో మూడవవంతు కూడ కాదు. దానికొరకు న్యాయస్థానము చుట్టు ఏండ్ల తరబడి తిరిగిన, ఆ నేల విలువ దారిబత్తెమునకే చాలదు. అయినను పొరుగువాడు ఏటేట ట్రాక్టరుతో గెట్టును చెక్కుచు మూడడుగులు జరిపినచో ఇంచుమించు గుంట భూమి పోవును. అది ఊరకుండదగిన విషయము కాదు.

మరియొక సంగతి. అణా యనగా రెండడుగుల ముప్పావు అంగుళము. పాత టిప్పనులోని కొలతలు గొలుసులు, అణాలలో నున్నవి. కనుక అర అడుగు కొరకు జరుగు తగవును ఆ కాగితము నిక్కచ్చిగా తీర్చలేదు. దానిని ఇరుగుపొరుగుల ఒప్పందమే తీర్చవలెను. సర్వేయరు నేటి యంత్రముతో కొలిచినను మూలము ఆ పాత అంకెలే.

కొలిపించుటకు మీ-సేవ కేంద్రమున రుసుము చెల్లించి దరఖాస్తు చేయవలెను. దీనినే ఎఫ్-లైను దరఖాస్తు అందురు. మండల సర్వేయరు చుట్టుపట్ల పట్టాదారులకు నోటీసులిచ్చి, కదలని హద్దురాళ్లనుండి కొలిచి, పంచనామా వ్రాయును. నోటీసు అందినవారు అలిగి ఇంటియొద్ద కూర్చుండుట తగదు. గొలుసు ఎచ్చటినుండి పట్టుచున్నారో కన్నులార చూచుటకు అదియే సమయము. ఇక కాలము విషయము. మడిలో నీరున్నపుడు కొలత సాగదు. యాసంగి కోతలు ముగిసి, మృగశిర కార్తె ఇంకను రాని నడుమనే ఈ పని చేయించుకొనవలెను. దరఖాస్తును అంతకు ముందే పెట్టుట మేలు.

ఆ దరఖాస్తునకు పూర్వమే పొరుగువానితో ఒక మాట చెప్పవలెను. చెప్పకుండ సర్వేయరును తెచ్చిన, కొలత సరిగానున్నను అతడు నమ్మడు. “అన్నా, ఈ గెట్టు మనిద్దరిదీ. ఎండకాలంల సర్వేయరును పిలిపిద్దాం, ఖర్చు చెరిసగం పెట్టుకుందాం” అని సాయంకాలము వేళ ఇంటికి పోయి అడిగినచో కాదనువారు తక్కువ. నలుగురిలో, పొలమునడుమ, చేతిలో పారయుండగా అడిగినచో అవుననువారు తక్కువ.

అన్నదమ్ముల నడుమ తగవు మరింత చిక్కైనది. తండ్రి నంబరును కొడుకులు పంచుకొన్నపుడు పహాణీలో బై నంబర్లు పడును గాని, పలుచోట్ల నక్షాలో గీత పడలేదు. సర్వేయరు నంబరు వెలుపలి హద్దును చూపగలడు. లోపల ఎవరి భాగమెచ్చటనో చూపుటకు ఆధారము లేదు. అట్టిచోట పాలివారందరు కూర్చుండి, పంపకమును వ్రాసికొని, పటము గీయించుకొనుట తప్ప దారి లేదు. 2025లో వచ్చిన భూభారతి చట్టము క్రయవిక్రయములప్పుడు భూమి పటమును జతచేయు ఏర్పాటును చేర్చుటకు కారణమిదియే. ఆ చట్టము అమలునకు మొదట ఎన్నుకొనబడిన నాలుగు మండలములలో మన జిల్లాలోని లింగంపేట ఒకటి.

ఊరిపెద్దలు నోటితో హద్దు చెప్పు కాలము మారినది. పటేలు పట్వారీల వ్యవస్థ 1984లో రద్దయినది; గ్రామ రెవెన్యూ అధికారుల పదవి 2020లో పోయినది. 2025లో గ్రామపాలనాధికారులు వచ్చిరి. ఇందరు మారిన పిమ్మట ఊరిలో హద్దు నెరిగినది రాయి ఒక్కటియే. సర్కారువారు నాటిన హద్దురాయిని పెరుకుట శిక్షార్హమైన నేరము. సర్వే ముగిసిన రాయిక్రింద బొగ్గులు, పెంకులు పూడ్చుటయు మంచిదే. మనుస్మృతి ఈ ఉపాయమును చెప్పినది. విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆధారము చేసికొని కేతన 13వ శతాబ్దిలోనే తెలుగులో వ్యవహారధర్మములను వ్రాసెను. రాయి కొట్టుకొనిపోయినను బొగ్గు మట్టిలో చెడదు.

సామము చెల్లనిచో? కొట్లాట జరుగునను భయమున్నపుడు పోలీసువారికి తెలుపవలెను; అయితే హద్దును నిర్ణయించుట వారి పని కాదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 164వ విభాగము క్రింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటు విచారించునది ఎవరి స్వాధీనములో నున్నదను సంగతియే. హక్కు తీర్పు సివిలు న్యాయస్థానముది. న్యాయాధికారి కమిషనరును నియమించి, సర్వేయరుతో కొలిపించును. దావాకు ముందే న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టి లోక్ అదాలతులో రాజీపడవచ్చును. ఆ అవార్డు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి న్యాయసహాయము ఉచితము. గడువులు మరువరాదు: బలవంతముగా వెడలగొట్టబడినవాడు స్వాధీనము తిరిగి పొందుటకు ఆరు నెలలలో దావా వేయవచ్చును. పొరుగువాడు తనదేయని బహిరంగముగా పన్నెండేండ్లు అనుభవించినచో, హక్కుగల రైతు దావాయే చెల్లకపోవచ్చును.

కంచె చివరి పని. కడీలను కొలిచిన గీతపై కాక, తన భూమిలో కొంత లోపలికి పాతవలెను. నీటికాలువను, బండిబాటను కంచెతో మూయరాదు. పోచారము అభయారణ్యము దాపున అడవిపందుల బాధ కలదని కొందరు కంచెతీగకు కరెంటు కలుపుచున్నారు. అది నేరము. వేకువజామున నీరు కట్టుటకు గెట్టుపై వచ్చునది పొరుగు రైతే. ఆ తీగకు అడవిపందికిని అతనికిని భేదము తెలియదు.