సముద్రతీర విహారము - స్థలనిర్ణయము

కళాశాలలో విహారయాత్ర ప్రస్తావన రాగానే విద్యార్థుల నోట మొదట వెలువడు మాట సముద్రము. దక్కను పీఠభూమిలో పుట్టి పెరిగిన వారికి ఆ నీలిజలరాశిపై మమకారము సహజమే. తరువాత వినవచ్చు పేరు గోవా. అక్కడితో స్థలనిర్ణయము ముగిసినట్లే భావించి బస్సు కిరాయి లెక్కలలో పడుదురు. "ఏ తీరము?" అని కాక "ఏ మాసము?" అని ముందుగా ప్రశ్నించుకొనవలెనని మా అభిప్రాయము.

మన ద్వీపకల్పమునకు ఇరువైపుల ఉన్న సముద్రముల స్వభావము ఒక్కటి కాదు. నైరృతి ఋతుపవనములు సాధారణముగా జూన్ 1 ప్రాంతమున కేరళ తీరమును తాకి, వారము లోపున గోవా చేరును. అప్పటి నుండి సెప్టెంబరు వరకు అరేబియా సముద్రము కల్లోలితమై ఉండును. గోవా, కోవళము తీరములలో ఆ నెలలలో ఎర్రజెండాలు ఎగురుచుండుట అందుకే. దసరా నాటికి పడమటి కడలి శాంతించును కాని, బంగాళాఖాతమున తుపానుల కాలము ఆరంభమగును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రాణములు పోయినవి. 1864లో బందరును ధ్వంసము చేసినదియు నవంబరు మాసపు ఉప్పెనయే. కనుక దసరా సెలవులలో తూర్పుతీరము, వర్షాకాలమున పడమటితీరము విడువదగినవి. సంక్రాంతి సెలవుల నాటికి రెండు సముద్రములును సాధారణముగా నెమ్మదించి ఉండును.

మన వంటి కళాశాలలకు ఇందులో మరొక చిక్కు కలదు. రంజాను, బక్రీదు సెలవులు యేటేటా సుమారు 11 రోజులు ముందునకు జరుగుచు, 33 సంవత్సరములలో అన్ని ఋతువులను చుట్టి వచ్చును. ఒక యేడు ఈదు సెలవులకు తగిన తీరము కొన్నేండ్లకు తగనిది కావచ్చును. పాత యాత్ర ఫైలు తీసి తేదీలు మాత్రము మార్చు అలవాటును కమిటీ వారు మానుకొనవలెను.

లక్షద్వీపముల మాట కొందరు ఎత్తుదురు. పగడపు దిబ్బలు అలలను అడ్డుకొనుటచే అచటి మడుగులు తేటగాను, నెమ్మదిగాను ఉండుట నిజమే. కాని ప్రవేశమునకు అనుమతిపత్రము కావలెను. ఖర్చు విద్యార్థులు భరింపగలిగినది కాదు.

ఇక నీటి విషయము. దీనిపై కొంత విస్తరించి వ్రాయక తప్పదు. అలలు ఒడ్డునకు తోసిన నీరంతయు తిరిగి లోనికి పోవలెను గదా! నీటి అడుగునగల ఇసుకమేటల మధ్య సందు దొరికినచోట అది ఇరుకైన కాలువవలె వడిగా వెనుకకు మరలును. ఆ చోట అలలు అంతగా విరుగవు. పైకి నిలకడగా కనిపించును. కొత్తవాడు "ఇక్కడ నీరు నెమ్మదిగా ఉన్నది" అని సరిగా అచటనే దిగును! ఆ ప్రవాహము మనిషిని అడుగునకు లాగదు, దూరమునకు లాగును. దానికి ఎదురీదినవాడు అలసి మునిగిపోవును. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ప్రవాహము దాటిన పిమ్మట తీరమునకు మరలవలెను. ఈత రానివాడు వెల్లకిల తేలుచు చేయెత్తి పిలువవలెను. మిత్రుని రక్షింపబోయి తానును మునుగు వారి కథ పత్రికలలో తరచు చదువుచున్నాము. నీట దూకుటకు బదులు తాడో, ఖాళీ ప్లాస్టిక్ డబ్బావంటి తేలెడు వస్తువో విసరుట మేలు. నదీముఖముల వద్ద, ఉదాహరణకు గోస్తని కడలిలో కలియు భీమునిపట్టణమున, నదిధారయు తోడగును గనుక స్నానము కూడదు.

ఆటుపోటులను తెలిసికొనుటకు పెద్ద గ్రంథములు అవసరము లేదు. అమావాస్య, పున్నమల ప్రాంతమున పోటు హెచ్చు. ఇంట హిజ్రీ క్యాలెండరు ఉన్నవారు నెలవంక నాటి తేదీని, 14, 15 తేదీలను చూచుకొన్న చాలును. ఒడిశాలోని చాందీపూరులో ఆటు సమయమున నీరు సుమారు 5 కిలోమీటర్లు వెనుకకు పోవును. మన తీరమున అంతటి వింత లేకున్నను, పోటు వేళ తీరపు వెడల్పు తగ్గిపోవును.

మన తీరములలో విశాఖ ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించినది. బాపట్ల సమీపమున సూర్యలంక విశాలమైనది. అయితే విద్యార్థులకు మేము సూచించునది బందరు సమీపమునగల మంగినపూడి. "బందరు" అనునది రేవు అను అర్థముగల ఫారసీ పదము. ఉర్దూ విద్యార్థికి పట్టణము పేరే మొదటి పాఠము. గోల్కొండ కుతుబ్ షాహీల ప్రధానమైన రేవు ఇదియే. 1611లో ఆంగ్లేయులు ఇచట వర్తకస్థానమును నెలకొల్పిరి. డచ్చివారి సమాధులు నేటికిని కలవు. పెడనలో కలంకారీ అద్దకము చూడవచ్చును. మంగినపూడిలో నేల నల్లనిది, ఒడ్డున లోతు తక్కువ. కాని లోతు తక్కువ అను మాట విని ముందునకు సాగిపోరాదు. నడుము లోతు దాటరాదను నియమము అచటను వర్తించును.

బయలుదేరుటకు ముందు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము వారి అలల సూచన చూడవలెను. ఆ సంస్థ ఉన్నది సముద్రము లేని హైదరాబాదులోనే! తీరము చేరిన పిదప జాలరులను అడుగుట మరవరాదు. ఆనాడు వారు పడవలు దింపలేదన్నచో మనమును దిగరాదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మాత్రము తూర్పుతీరమున మరపడవల వేటకు నిషేధము గనుక, ఆ దినములలో ఒడ్డున నిలిచిన పడవలనుబట్టి సముద్రస్థితి తెలియదు. నోటితో అడిగియే తెలిసికొనవలెను.