ఒక యాప్, ఆరు ఫోన్లు

అన్నయ్య తన ఫోన్‌లో నక్షత్రాలను గుర్తుపట్టే యాప్ ఒకటి రెండు వందల రూపాయలు పెట్టి కొన్నాడనుకోండి. రాత్రిపూట డాబా మీద పడుకుని ఫోన్‌ను ఆకాశం వైపు తిప్పితే చాలు, ఇది రోహిణి, అది స్వాతి అని చూపిస్తుంది. మీకూ ముచ్చటేసింది. అమ్మ ఫోన్ తీసుకుని ప్లే స్టోర్‌లో అదే యాప్ వెతికారు. అది మళ్లీ రెండు వందలు అడిగింది. ఒకే ఇల్లు, ఒకే సంపాదన! రెండోసారి ఎందుకివ్వాలి? సరేనని అన్నయ్య ఫోన్‌లోని యాప్ ఫైలును బ్లూటూత్‌తో అమ్మ ఫోన్‌లోకి పంపించుకున్నారు. ఫైలు వచ్చింది, ఎక్కింది కూడా. తెరిచి చూస్తే మాత్రం లైసెన్సు లేదంటూ మొరాయించింది.

రెండు ఫోన్లలో ఉన్న ఫైలు ఒక్కటే. ఒక్క అక్షరం తేడా లేదు. మరి అక్కడ పనిచేసినది ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? అమ్మ ఫోన్‌కు ఈ సంగతి ఎవరు చెప్పారు?

ముందు పుస్తకం సంగతి చూద్దాం. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాన్ని 1904లో స్థాపించారు. అలాంటి గ్రంథాలయంలో ఒక పుస్తకాన్ని వందమంది చదవవచ్చు. కాని ఒకరి తర్వాత ఒకరే చదవాలి. మీరు ఇంటికి తెచ్చుకున్నన్నాళ్లూ బీరువాలో ఆ పుస్తకం చోటు ఖాళీగానే ఉంటుంది. వస్తువు ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు. అందుకే పుస్తకానికి వేరే తాళం అక్కరలేదు. దాని బరువే దానికి తాళం.

యాప్‌కు బరువు లేదు. అది 0, 1 అనే రెండే గుర్తులతో రాసిన సూచనల వరుస. దానిని ఇవ్వడమంటే ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్లే. ఇచ్చినవారి దగ్గర ఏమీ తగ్గదు. ఇది చాలా గొప్ప గుణం. కాని ఆ యాప్‌ను నెలల తరబడి కూర్చుని రాసిన వారి వైపునుంచి ఆలోచించండి. ఒక్కరు కొని ఊరందరికీ పంచితే వారికి దక్కేది రెండు వందలే. అందుకే మన దేశపు కాపీరైట్ చట్టం (1957)లో కంప్యూటర్ ప్రోగ్రాములను కూడా పుస్తకాల్లాగే రచనలుగా లెక్కిస్తారు. కొన్న ప్రోగ్రాము పాడైపోతుందేమోనని మన కోసం ఒక నకలు దాచుకోవచ్చు. ఇంకొకరికి ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోదు.

మరి ఇంట్లోవాళ్ల మాటేమిటి? అమ్మా నాన్నా కూడా 'ఇంకొకరే'నా?

ఈ చిక్కును విప్పడానికి ఫోన్ల కంపెనీలు పట్టుకున్న ఉపాయం మీకు బాగా తెలిసినదే. మీ ఇంట్లో రేషన్ కార్డు ఉంది కదా! బియ్యం బస్తాకు తాళం వేయరు, జాబితాలో పేర్లు రాస్తారు. కార్డులో పేరున్నవారు ఎవరు వెళ్లి వేలిముద్ర వేసినా బియ్యం ఇస్తారు. యాప్‌కూ అంతే. తాళాన్ని ఫైలుకు వేయకుండా పేరుకు వేశారు. మీ పేరంటే ఇక్కడ మీ ఖాతా, అంటే జీమెయిల్ చిరునామా. ఏ ఖాతా ఏ యాప్ కొన్నదో గూగుల్ దగ్గర ఒక పెద్ద చిట్టా ఉంటుంది. కుటుంబంలోని ఖాతాలను ఒక జట్టుగా చేర్చితే, ఒకరు కొన్నది మిగిలినవారి పేరనా చెల్లుతుంది.

ఆపిల్ కంపెనీ ఐఫోన్లలో ఈ ఏర్పాటును 2014 సెప్టెంబరులో తెచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం గూగుల్ 2016 జులైలో 'ఫ్యామిలీ లైబ్రరీ' పేరుతో కొన్ని దేశాలలో మొదలుపెట్టింది. తర్వాత మన దేశానికీ వచ్చింది. (మా తరిగొప్పుల మండలమైంది కూడా 2016లోనే, అక్టోబరులో, జనగామ జిల్లాతో పాటు. అందుకే నాకు ఆ సంవత్సరం బాగా గుర్తు.) రెండింటిలోనూ జట్టుకు ఆరుగురే. పెద్ద ఒకరు, ఇంకో ఐదుగురు. నాయనమ్మ, తాత, అమ్మ, నాన్న, ముగ్గురు పిల్లలు ఉన్న ఇల్లు ఏం చేయాలో వాళ్లు చెప్పలేదు. ఈ లెక్క కట్టినవారు మన ఇళ్లు చూసి కట్టలేదనే నా అభిప్రాయం.

రేషన్ కార్డుతో పోలిక ఇంకా కొంతదూరం వస్తుంది. ఒకే మనిషి పేరు రెండు కార్డులలో ఉండకూడదు కదా, ఇక్కడా ఒక ఖాతా ఒక జట్టులోనే ఉండాలి. గూగుల్ జట్టులోనైతే ఒక జట్టు నుంచి మరో జట్టుకు మారడం పన్నెండు నెలలకు ఒకసారే. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన అక్క ఈ జట్టులోంచి తప్పుకుంటే, ఆమె కొన్న యాప్‌లూ ఆమెతోనే వెళ్లిపోతాయి. మీ ఫోన్‌లో అవి ఇక పనిచేయవు. జట్టుపెద్దకు పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. అందరి ఖాతాలూ ఒకే దేశానివి కావాలి. దుబాయిలో పనిచేసే బాబాయి తన ఖాతాను ఆ దేశానికి మార్చుకుని ఉంటే ఇక్కడి జట్టులో చేరలేడు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. చిట్టా ఎక్కడో దూరదేశంలోని కంప్యూటర్లలో ఉంది. ఫోన్ మీ చేతిలో ఉంది. మధ్యలో ఎవడో దూరి "ఇతను కొన్నాడు, తెరవవచ్చు" అని దొంగ జవాబు పంపితే యాప్ ఎలా కనిపెడుతుంది? ఇక్కడే పదవ తరగతి గణితం అక్కరకొస్తుంది. వాస్తవ సంఖ్యల పాఠంలో ప్రధాన సంఖ్యలు, కారణాంకాలు, శేషం చదివారు కదా! ఇవెందుకు సార్ అని ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు. ఇందుకే.

3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలు తీసుకోండి. వాటి లబ్ధం 33. ఒక్కొక్క దానిలోంచి ఒకటి తీసేసి గుణించండి: 2 × 10 = 20. ఇప్పుడు మనకు రెండు తాళంచెవులు కావాలి. ఆ రెండింటినీ గుణించి 20తో భాగిస్తే శేషం 1 రావాలి. 3, 7 సరిపోతాయి, ఎందుకంటే 3 × 7 = 21. ఇందులో 33నూ 3నూ లోకమంతటికీ చెప్పేద్దాం. ఇది బహిరంగ తాళంచెవి. యాప్‌లోనే రాసి ఉంటుంది. 7ను మాత్రం దుకాణం ఎవరికీ చెప్పదు. అది రహస్య తాళంచెవి.

అమ్మ ఫోన్‌లోని యాప్ దుకాణాన్ని అడుగుతుంది: "ఈ ఖాతాకు అనుమతి ఉందా?" అడిగేటప్పుడే ఒక సంఖ్యను కూడా పంపుతుంది, 4 అనుకుందాం. దుకాణం చిట్టా చూసి, ఉంటే, ఆ సంఖ్యకు ముద్ర వేస్తుంది. ఎలాగంటే, ఏడు నాలుగులను గుణిస్తుంది: 4 × 4 × 4 × 4 × 4 × 4 × 4 = 16384. దీనిని 33తో భాగిస్తే శేషం 16. ఈ 16 ముద్ర. ఫోన్‌కు జవాబు వచ్చింది: "ఉంది. సంఖ్య 4, ముద్ర 16." ఫోన్‌కు 7 తెలియదు. కాని 3 తెలుసు. మూడు పదహారులను గుణిస్తుంది: 16 × 16 × 16 = 4096. 33తో భాగిస్తే భాగఫలం 124, శేషం 4. పంపిన 4 తిరిగి వచ్చింది! ఈ ముద్ర 7 తెలిసినవారు వేసిందే. యాప్ తెరుచుకుంటుంది. మధ్యలో ఎవడైనా 4ను 5గా మార్చాడనుకోండి. లెక్క చేస్తే మళ్లీ 4 వస్తుంది, రాసి ఉన్నది 5. దొంగ దొరికిపోయాడు.

కాగితం తీసుకుని ఈ లెక్క ఒకసారి మీరే చేసి చూడండి. చదివితే రాదు, చేస్తేనే వస్తుంది.

నిజమైన జవాబులో ఈ సంఖ్యతో పాటు యాప్ పేరు, ఖాతా గుర్తు, సమయం కూడా ఉంటాయి. అన్నింటినీ కలిపి ఒక సంఖ్యగా కుదించి దానికి ముద్ర వేస్తారు. ఫోన్ పంపే సంఖ్య ప్రతిసారీ మారుతుంది కాబట్టి నిన్నటి జవాబును దాచుకుని ఇవాళ చూపిస్తే చెల్లదు. ఈ పద్ధతిని 1977లో అమెరికాలో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు కనిపెట్టారు. 33ను 3గా, 11గా విడదీయగలిగితే ఎవరైనా 7ను పట్టేస్తారు. 33 చిన్నది కనుక మీకు క్షణం పట్టదు. కాని అసలు లెక్కలో 33 ఉన్న చోట 617 అంకెల సంఖ్య ఉంటుంది! 2020లో శాస్త్రజ్ఞులు ఎన్నో కంప్యూటర్లను కలిపి పనిచేయించి 250 అంకెల సంఖ్య ఒకదానిని విడదీశారు. 617 అంకెలది ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు.

మొదట బ్లూటూత్‌తో పంపించుకున్న ఫైలు ఎందుకు మొరాయించిందో ఇప్పుడు అర్థమైంది కదా! ఫైలు అసలుదే, చిట్టాలో అమ్మ పేరు లేదు. అన్నయ్య జట్టు కట్టి అమ్మను చేర్చుకుంటే అదే యాప్ ఆమె ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచి ఉచితంగా దిగుతుంది. ప్లే స్టోర్‌లో ఖాతా బొమ్మ మీద నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళితే ఫ్యామిలీ అని కనిపిస్తుంది. అక్కడే జట్టు కట్టాలి.

అన్నీ పంచుకోవచ్చునని మాత్రం అనుకోకండి. ఆటలో మధ్యలో డబ్బు పెట్టి కొన్న వజ్రాలు, నాణేలు ఎవరు కొంటే వారివే. గూగుల్ ఏర్పాటులో యాప్ లోపల కొన్నవేవీ పంచబడవు.

ఇక చిట్టాలో పేరు గురించి ఒక మాట. మా దగ్గర చాలామంది కొత్త ఫోన్ కొన్నప్పుడు దుకాణంలోని అబ్బాయే ఏదో ఒక చిరునామాతో ఖాతా తెరిచి చేతిలో పెడతాడు. పాస్‌వర్డ్ ఏమిటని ఎవరూ అడగరు. 2020 సెప్టెంబరులో బడులు మూతబడి టీవీలో, టీ-శాట్‌లో పాఠాలు నడిచిన రోజులలో ఒక కూలి తండ్రి తన కూతురి కోసం డబ్బు పెట్టి పాఠాల యాప్ కొన్నాడు. మరుసటి ఏడు ఫోన్ నీళ్లలో పడింది. కొత్త ఫోన్‌కు కొత్త ఖాతా తెరిచారు. పాత ఖాతా పేరు ఎవరికీ గుర్తులేదు. చిట్టాలో ఆ కొనుగోలు ఇప్పటికీ ఉండవచ్చు, కాని అది తనదని చెప్పుకునే దారి ఆయనకు లేకపోయింది. పోయింది యాప్ కాదు, పేరు. ఇవాళ సాయంత్రం మీ ఇంట్లో ఒక్కొక్క ఫోన్ తీసి, అందులో ఏ ఖాతా ఉందో, దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికైనా తెలుసో లేదో కనుక్కోండి. తెలియకపోతే పాత ఫోన్ పనిచేస్తుండగానే మార్చుకోవాలి. పాడయ్యాక కష్టం.

కొందరు జట్టు కట్టే బదులు ఒకే ఖాతాను ఇంట్లోని అన్ని ఫోన్లలోనూ పెట్టేస్తారు. యాప్‌లు వస్తాయి, నిజమే. వాటితో పాటు ఒకరి ఫోన్ నంబర్లు, ఫోటోలు, వెతికిన సంగతులు కూడా అందరి ఫోన్లలోకీ వచ్చేస్తాయి. అక్క ఫోటోలు తమ్ముడి ఫోన్‌లో, నాన్న ఉత్తరాలు అందరి ఫోన్లలో! జట్టులోనైతే ఎవరి పెట్టె వారిదే, పంచుకున్నది యాప్ ఒక్కటే. మీకు పదమూడేళ్లు నిండకపోతే మీ ఖాతాను అమ్మానాన్నలే తెరిచి చూసుకోవాలి. వయసు ఎక్కువ చెప్పి తెరవకండి. మీరు ఏదైనా కొనబోయేటప్పుడు జట్టుపెద్ద ఫోన్‌కు అనుమతి అడుగుతూ కబురు వెళ్లేటట్లు కూడా పెట్టుకోవచ్చు.

డబ్బు పెట్టి కొనాల్సిన యాప్ ఉచితమంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల సంగతి వేరు. వాటి మీద తయారుచేసినవారి అసలు ముద్ర ఉండదు. విప్పి, మార్చి, ఇంకొకరు తమ ముద్ర వేసి పంపినవి అవి. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలాన్ల పేరుతో వచ్చిన ఇలాంటి ఫైళ్లు తెరిచి బ్యాంకు ఖాతాలు పోగొట్టుకున్నవారు మన రాష్ట్రంలో ఉన్నారు. మీ ఇంట్లో అలా జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమనండి.

చివరగా మీకు ఒక లెక్క. పైన చెప్పిన 33, 3 అనే బహిరంగ తాళంచెవితోనే ఒక ఫోన్‌కు రెండు జవాబులు వచ్చాయి. మొదటిదానిలో సంఖ్య 25, ముద్ర 31. రెండోదానిలో సంఖ్య 8, ముద్ర 3. ఒకటి అసలుది, ఒకటి నకిలీ. ఏది ఏదో తేల్చండి. నకిలీదానికి నిజంగా పడవలసిన ముద్ర ఎంతో కూడా కనుక్కోండి. దుకాణం దాచిన 7 మీకు తెలిసిపోయింది కదా!