జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త

బిడ్డకు డెంగీ అని తేలిన గంట నుంచి ఇంట్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: "కౌంట్ ఎంత?" పొద్దున 1.10 లక్షలు, సాయంత్రానికి 70 వేలు. ఊరి నుంచి అమ్మమ్మ ఫోను, దుబాయ్ నుంచి బాబాయి ఫోను, బొప్పాయి ఆకు రసం పట్టించారా అంటూ పక్కింటివాళ్లు. ఈలోగా ఎవరో వాట్సాప్‌లో "అర్జెంటుగా ప్లేట్‌లెట్లు కావాలి" అని పెట్టేస్తారు. ఆ కంగారు తప్పని ఎవరూ అనరు. కానీ చూపంతా రిపోర్టు మీదే ఉండిపోతే, పక్కనే పడుకున్న బిడ్డలో గమనించాల్సినవి కంటపడవు.

మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు మామూలుగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. డెంగీలో అవి పడిపోతాయి, చాలామంది పిల్లల్లో కొద్ది రోజులకు వాటంతటవే లేస్తాయి. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా వేరే సంగతి. ఈ జబ్బులో సన్నని రక్తనాళాల గోడలు కొత్త కుండలా చెమర్చి, రక్తంలోని నీరు కడుపులోకి, ఛాతీలోకి ఊరిపోతుంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. దీన్ని పట్టిచ్చే అంకె కౌంట్ పక్కనే రిపోర్టులో ఉంటుంది: పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. ప్లేట్‌లెట్లు తగ్గుతూ పీసీవీ పెరుగుతోందంటే డాక్టరు వెంటనే చూడాలి. అప్పుడు బిడ్డను కాపాడేది గంట గంటకూ కొలిచి ఎక్కించే సెలైన్. అది తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

ఇది ఎప్పుడు జరుగుతుందో తెలిస్తే సగం భయం తీరుతుంది. సాధారణంగా జ్వరం మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, ఒళ్లు చల్లబడే సమయంలో. అమ్మయ్య, తగ్గింది అనుకునే రోజే అది. అక్కడి నుంచి 24 నుంచి 48 గంటలు బిడ్డను కనిపెట్టుకుని ఉండండి. కడుపునొప్పి తగ్గట్లేదా? వాంతులు ఆగట్లేదా? చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం వస్తోందా, విరేచనం నల్లగా అవుతోందా? నాలుగు నుంచి ఆరు గంటలు గడిచినా మూత్రం పోయలేదా? చేతులు, కాళ్లు చల్లబడ్డాయా? పిలిస్తే పలక్కుండా మగతగా ఉందా, లేక ఊరికే చిరాకుపడుతోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, కౌంట్ 90 వేలున్నా సరే, ఆసుపత్రికి వెళ్లిపోండి.

మరి ప్లేట్‌లెట్లు ఎప్పుడు ఎక్కించాలి? రక్తస్రావం గట్టిగా ఉన్నప్పుడు. అది లేకపోతే, మన దేశపు డెంగీ చికిత్స మార్గదర్శకాల ప్రకారం కౌంట్ 10 వేల కంటే కిందికి దిగినప్పుడు ఆలోచిస్తారు. 40 వేలున్న బిడ్డ, ఒంటి మీద నాలుగు ఎర్రచుక్కలు తప్ప హుషారుగా ఉంటే, "ముందుజాగ్రత్తగా ఒక బ్యాగ్ ఎక్కించండి డాక్టరుగారూ" అని మీరు పట్టుబట్టకండి. సింగపూర్, మలేసియాల్లో కౌంట్ 20 వేలకు పడిపోయి, రక్తస్రావం లేని 372 మంది పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధన 2017లో వచ్చింది. ముందుగా ఎక్కించినందువల్ల రక్తస్రావం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. ఎక్కించిన కణాలు కూడా డెంగీలో తొందరగానే నశిస్తాయి. దద్దుర్లు, చలిజ్వరం రావచ్చు. అసలే ఛాతీలో నీరు చేరిన బిడ్డకు అదనపు ద్రవం ఆయాసం తెస్తుంది.

జ్వరానికి బరువును బట్టి పారాసెటమాల్ చాలు. ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. బొప్పాయి రసం ఆ చేదుకు వాంతి చేయించిందంటే తాగిన కాసిని నీళ్లూ పోతాయి. ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు, పల్చటి గంజి కొద్దికొద్దిగా పట్టించండి.

ప్లేట్‌లెట్ల బ్యాగ్ చూసినవాళ్లకు తెలుసు, అది ఎర్రగా ఉండదు, లేత పసుపుపచ్చగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, 20 నుంచి 24 డిగ్రీల మధ్య, మెల్లగా ఊగే యంత్రం మీద ఉంచాలి. అలా ఉంచినా నిలవ మామూలుగా ఐదు రోజులే. అదే ఆసుపత్రిలో లుకేమియాకు కీమో తీసుకుంటున్న పిల్లలుంటారు. మందుల దెబ్బకు వాళ్ల ఎముక మజ్జ కణాలను తయారు చేయలేని స్థితిలో ఉంటుంది, కౌంట్ పదివేలకు దిగితే వాళ్లకు ఎక్కించక తప్పదు. వానాకాలంలో అక్కర్లేని చోటికి వెళ్లిన ప్రతి బ్యాగూ అలాంటి బిడ్డకు అందకుండా పోవచ్చు. తలసీమియా పిల్లలకూ ఎక్కించక తప్పదు, కాకపోతే ప్లేట్‌లెట్లు కాదు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎర్రకణాలు. మీ బిడ్డది అలాంటి అవసరమని డాక్టరు చెబితే ఒక్క క్షణం కూడా వెనకాడకండి.

డెంగీకి ప్లేట్‌లెట్లు ఎక్కించాలని డాక్టరు అన్నప్పుడు నెమ్మదిగా అడగండి: "ఇప్పుడు ఎందుకు అవసరమైందండీ? రక్తస్రావం ఎక్కడైనా ఉందా? పీసీవీ ఎంత?" ఇలా అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోరు. ఇంకొక మాట. "నా బిడ్డకు నా రక్తమే ఎక్కించండి" అని తండ్రులు ముందుకొస్తారు. దగ్గరి రక్తసంబంధికుల రక్తాన్ని రేడియేషన్‌కు గురిచేయకుండా ఎక్కిస్తే, అరుదుగానైనా ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. కాబట్టి బిడ్డకు వేరేవాళ్ల రక్తం వాడనిచ్చి, మీరు బ్లడ్ బ్యాంకులో ఇంకొకరి కోసం ఇవ్వండి. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండి ఆరోగ్యంగా ఉంటే మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు.