పలకాకును తాలిచెట్టును

పలకాకు నెఱుగని వారు మనలో లేరు. పలక తుడుచుటకును, మోకాలు గీచుకొనినపుడు పసరు పిండుటకును దానిని కోయుదుము. గడ్డిచామంతి యనునదియు నిదియే. ఇది మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రదేశములనుండి వచ్చి, నేడు బాటల ప్రక్కలను, పొలము గట్లను నిండియున్నది.

దీనికి భిన్నమైన గతి తాలిచెట్టుది. అది వంగ దేశపు వృక్షము, తాటిచెట్టును బోలినది, మన పూర్వులు గ్రంథములు వ్రాసికొనిన శ్రీతాళమునకు దగ్గఱి బంధువు. సామర్లకోటలో మొక్కలను పరిశోధించి, 1793లో కలకత్తా తోటకు అధికారియైన రాక్స్‌బరో దొర దీనిని వర్ణించెను. ఆ వర్ణనము ఆయన మరణానంతరము 1820లో కోరమండల తీరపు మొక్కల గ్రంథమున వెలువడెను. దీని యాకులపై జనులు గంటముతో వ్రాయుచుండిరి. ఇంటి వాసములను గూడ కట్టుచుండిరి.

ఇంత గొప్ప చెట్టు క్షీణించుటయు, అంత చిన్న మొక్క వ్యాపించుటయు నేల? వాని జీవన విధానమును చూడుడు. పలకాకు సంవత్సరము పొడుగునను పూచును. దాని విత్తులకు నూగు కుచ్చులుండుటచే గాలి వానిని దూరముగా కొనిపోవును. నూఱు మొక్కలను పెఱికినను నూటయొకటవది మొలచును. తాలిచెట్టో, అనేక దశాబ్దములు పెరిగి, జీవితమున నొక్కమారే తలపై మహత్తరమైన పూగుత్తిని దాల్చి, కాయలు పండించి మరణించును. ఆ యొక్క కాపు చెడినచో దాని వంశమునకే ముప్పు.

అట్లే జరిగినది. 1979లో శాంతినికేతన సమీపమున నొక తాలిచెట్టు పూచెను. ఆ వింత పూతను జూచి గ్రామస్థులు భూతమని భయపడి, కాయలు పండకమునుపే నఱికివేసిరి. స్వతస్సిద్ధముగా పెరిగిన తాలిచెట్టు మఱి కనబడలేదు. వారు దుష్టులు కారు. అది యేమో వారికి చెప్పినవారు లేరు.

ఢాకా విశ్వవిద్యాలయపు ఆవరణమున మిగిలిన మఱియొక చెట్టు 2008లో పూచెను. దానిని గుర్తించినవారుండుటచే నెవ్వరును గొడ్డలి యెత్తలేదు. కాయలు పండెను, విత్తులు మొలకెత్తెను, తల్లిచెట్టు తన ధర్మము ననుసరించి యెండిపోయెను. ఆ మొలకలు నేడు పిల్లచెట్లు.

రెండు చెట్లును ఒక్క జాతివే, రెండును పూచినవే. ఒకదానికి గొడ్డలియు, రెండవదానికి సంతానమును లభించుటకు కారణము జనుల యెఱుకయే. కావున పేరు తెలియని చెట్టును నఱుకుటకు ముందు దాని పేరడుగుడు.