రెండు తలాంతుల దాసుడు

చదువవలసిన భాగములు: మత్తయి 25:14-30, దానియేలు 1:3-20



ఏప్రిల్, మే నెలలు వచ్చినవనగా మన ఇండ్లలో మాటలన్నియు ఒక్కదాని చుట్టే తిరుగును. పదవ తరగతి ఫలితములు, ఇంటర్మీడియట్ ఫలితములు, ఆ వెనుక ఎంసెట్టు ర్యాంకులు. (దాని పేరు ఇప్పుడు ఈఏపీసెట్ అయినను, 1986 నుండి అలవాటుపడిన నోరు ఎంసెట్టు అనియే పలుకును.) పొరుగువారు పలుకరించుటయే "మీ అమ్మాయికి ఎంత వచ్చినదండీ?" అని. ఆదివారము కృతజ్ఞతార్పణలు వచ్చును. ప్రథమ శ్రేణిలో కృతార్థులైనవారి పేర్లు మార్కులతో కూడ చదువబడును. అందరము చప్పట్లు కొట్టుదుము. పరీక్ష తప్పిన బిడ్డ ఇంటివారు ఆ ఆదివారము గుడికి రారు. వారు కూర్చుండు స్థలము ఖాళీగా నుండుట చూచియు చూడనట్లు ఊరకుందుము. ఈ నెల పాఠము ఆ ఖాళీ స్థలమును గూర్చినది.

మొదట తలాంతుల ఉపమానమును నెమ్మదిగా చదువుడి. "తలాంతు" అను మాటకు మన సంఘములలో అర్థము మారిపోయినది. బాగుగా పాడువానికి తలాంతు ఉన్నదందుము; సండేస్కూలు పిల్లలకు తలాంతుల పోటీలు పెట్టుదుము. ప్రభువు చెప్పిన కథలో తలాంతు నేర్పు కాదు, తూకము. ఒక తలాంతు వెండి ఒక కూలివానికి ఇంచుమించు ఇరువది సంవత్సరముల కూలి యని పండితులు లెక్కకట్టుదురు. కాబట్టి ఒక్క తలాంతు పొందినవాడు సహితము చిన్న మొత్తము పొందలేదు. యజమానుడు ఎవరి సామర్థ్యము ఎంతో ఎరిగియే పంచెనని 15వ వచనములో ఉన్నది. అయిదు మోయగలవానికి రెండిచ్చి వానిని తక్కువ చేయలేదు. రెండు మోయగలవానికి అయిదిచ్చి నలుగగొట్టనులేదు.

ఇప్పుడు 21వ వచనమును 23వ వచనమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. అయిదు సంపాదించినవాడు ఏ మెప్పు పొందెనో రెండు సంపాదించినవాడును ఆ మెప్పునే పొందెను. మాటలలో హెచ్చుతగ్గులు లేవు. రెండవవాని లెక్క చూచునపుడు యజమానుడు మొదటివాని పేరెత్తలేదు. "వాడు అయిదు తెచ్చెను గదా, నీవేమి చేయుచుంటివి?" అనలేదు. ఇద్దరును ఒక్క సంతోషములోనికే పిలువబడిరి. మన పట్టణములలో ఈ కథకు హోర్డింగు కట్టినయెడల ఎట్లుండునో ఊహించుకొనుడి. అయిదు తలాంతులవాని ముఖము నిలువెత్తున ఉండును. రెండు తలాంతులవాడు అడుగున తపాలాబిళ్లంత ఉండును. మూడవవాని ఊసే ఉండదు.

ఆ మూడవవాడు తన తలాంతును ఎందుకు పాతిపెట్టెను? తప్పిపోయిన కుమారునివలె తగులబెట్టుకొనలేదు. దొంగిలింపలేదు. తాను భయపడితినని వాడే చెప్పుచున్నాడు (25వ వచనము). యజమానుడు కఠినుడని, విత్తని చోట కోయువాడని వాని తలంపు. పోగొట్టిన ఏమగునో అని గుంట త్రవ్వెను. "అయ్యా, యజమానుడు వానిని సోమరి అనెను గదా" అని ఎవరైనను అడుగవచ్చును. అనెను, నిజమే, ఆ మాటను మెత్తన చేయుటకు మనకు అధికారము లేదు. అయితే ఆ సోమరితనము ఎక్కడ మొలచెనో కూడ అక్కడనే వ్రాయబడియున్నది. భయపడిన చేయి పని చేయదు, దాచును.

పిల్లలలో ఈ గుంట త్రవ్వుటను ఉపాధ్యాయులు దినదినము చూచుచున్నారు. సందేహము అడిగిన తనకు రాదని తెలిసిపోవునని అడుగని పిల్లవాడు. అర్థముకాని లెక్కను మెట్లుమెట్లుగా బట్టీపట్టు పిల్ల. ప్రోగ్రెస్ రిపోర్టుమీద నాన్నగారి సంతకము తానే పెట్టువాడు, చొక్కా చేతిలో చీటీ దాచువాడు. వీరిలో అనేకులకు తెలివి ఉన్నది. దానిని బయటికి తీయుటకు ధైర్యము లేదు.

ఈ భయము ఇప్పుడు మన రాష్ట్రములు రెండింటిలోను ఒక ఏర్పాటుగా నడుచుచున్నది. హాస్టలు కళాశాలలలో తెల్లవారకముందే స్టడీ అవర్ మొదలగును. రాత్రి ప్రొద్దుపోవువరకు సాగును. వారమువారము పరీక్ష. ఆ మార్కులనుబట్టి ఒక సెక్షను నుండి మరియొక సెక్షనుకు మార్చుదురు. పైదానినుండి క్రిందిదానికి దిగిన పిల్లకు ఆ సాయంకాలము అన్నము సహించునా? ఆదివారము సహితము పరీక్ష పెట్టు చోట్లున్నవి. అక్కడి మన బిడ్డలు గుడి మొగము చూచి నెలలగును.

ర్యాంకును గూర్చి ఒక్క మాట చెప్పవలెను, ఏలయనగా తలిదండ్రులు దీనిని తరచుగా మరచుదురు. మార్కు అనగా అడిగిన ప్రశ్నలలో బిడ్డ ఎన్నింటికి సరిగా వ్రాసెనో చెప్పు లెక్క. ర్యాంకు అట్టిది కాదు. బిడ్డ ముందర ఎందరున్నారో మాత్రమే అది చెప్పును. 2019 నుండి జేఈఈ మెయిన్ పరీక్షలో ఇచ్చుచున్న పర్సెంటైలు కూడ అట్టిదే: తనతోకూడ వ్రాసినవారిలో నూటికి ఎందరు తనంత లేక తనకంటె తక్కువ తెచ్చుకొనిరో తెలుపును, తనకు గణితము ఎంత వచ్చునో తెలుపదు. లక్షలాదిమంది కష్టపడి చదివి, అందరును బాగుగా వ్రాసినను, ఒకరు చివర ఉండకతప్పదు. అట్టి కొలబద్దతో ఒక మనుష్యుని విలువ కట్టినయెడల ఎవరో ఒకరిని పనికిమాలినవానిగా తేల్చుట ముందే నిశ్చయమైపోయినట్లు.

కొలుచు చేయి కూడ మనుష్యునిదే. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినపుడు లెక్కలలో తప్పులు దొర్లినవి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్న పడినది. పెద్ద అలజడి కలిగిన పిమ్మట, తప్పినవారి జవాబు పత్రములన్నియు రుసుము లేకుండ మరల చూడవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. అట్లు చూడగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. అయితే ఆ దినములలోనే సుమారు ఇరువదిమంది విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. కాగితముమీది అంకెను దిద్దుటకు వీలున్నది. ఆ అంకెయే తుది తీర్పని నమ్మిన బిడ్డకు దిద్దుబాటు వచ్చువరకు ఆగు బలము లేకపోయినది. ఆ నమ్మకము వారికి ఎవరు నేర్పిరి?

దేశమంతటిలో 2022వ సంవత్సరమున ఆత్మహత్య చేసికొనిన విద్యార్థులు 13,044 మంది యని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క తెలుపుచున్నది. వీరందరును మార్కులకొరకే చనిపోయిరనుట సరికాదు. ఇంటి బాధలు, వ్యాధులు, మనకు తెలియని దుఃఖములు అనేకములు. అయినను చదువు వయస్సులోనున్న ఇందరిని గూర్చి సంఘము మౌనముగా ఉండతగదు.

దేశపు న్యాయస్థానము మౌనముగా లేదు. విశాఖపట్టణమున నీట్ పరీక్షకు సిద్ధపడుచు మరణించిన ఒక విద్యార్థినిని గూర్చిన వ్యాజ్యములో సుప్రీము కోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పుచు 15 మార్గదర్శకములను విధించినది. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు బ్యాచీలుగా విడదీయుట సాధ్యమైనంతవరకు మానవలెను. నలుగురిలో అవమానింపరాదు. శక్తికి మించిన గురులు పెట్టరాదు. నూరుమంది, లేక అంతకు మించిన విద్యార్థులున్న సంస్థలో అర్హతగల కౌన్సెలరు ఒక్కరైనను ఉండవలెను. బిడ్డను చేర్పించుటకు వెళ్లినపుడు ఫీజు ఎంతయని అడుగుదుము, గత సంవత్సరపు ర్యాంకులు అడుగుదుము. కౌన్సెలరు ఎవరు, ఏ గదిలో కూర్చుందురు అని కూడ అడుగుడి. అడుగుటకు మనకు హక్కున్నది.

ఇట్లు వ్రాసినందున, చదువు వద్దని పాఠము చెప్పుచున్నట్లు ఎవరును తలంపవద్దు. ఊరిబడి గుమ్మము దాటనియ్యని దినములలో మిషను బడి అరుగుమీద ఓనమాలు దిద్దిన వారి మనుమలము మనలో అనేకులము. కూలికి పోవు తల్లి తన బిడ్డ మార్కుల మెమోను బైబిలులో పెట్టి దాచుకొనుట గర్వము కాదు. ఆమెకు అది తలుపు తాళపుచెవి. అట్టి తల్లియొద్దకు వెళ్లి "మార్కులు ముఖ్యము కావమ్మా" అనుట, కడుపునిండినవాడు ఆకలిగొన్నవానికి ఉపవాసము బోధించినట్లుండును.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము ఇందుకు సహాయపడును. అందులో పరీక్ష ఉన్నది. యూదా బాలురకు కల్దీయుల భాషయు విద్యయు నేర్పుటకు మూడు సంవత్సరముల గడువు పెట్టిరి. గడువు తీరగా నెబుకద్నెజరు రాజు తానే ప్రశ్నలు వేసెను. దానియేలును అతని ముగ్గురు స్నేహితులును రాజ్యమందలి విద్వాంసులకంటె పదిరెట్లు మిన్నగా కనబడిరి. బాగుగా చదువుటలో దోషము లేదు. దోషమెక్కడనో 10వ వచనము చూపుచున్నది. వారిని చూచుకొను అధికారి ఏమనుచున్నాడు? ఈ పిల్లలు తోటివారికంటె తీసికట్టుగా కనబడినయెడల రాజు తన తల తీయించునని వాని భయము. ఆ అధికారి చెడ్డవాడు కాడు. దానియేలుమీద అతనికి దయ ఉన్నదని 9వ వచనము చెప్పుచున్నది. అతని మీద మరియొక భయము ఉన్నది, అంతే. నేటి లెక్చరరును చూడుడి. తన సెక్షనులో ర్యాంకులు తగ్గిన ఉద్యోగము ఉండునో ఊడునో. వార్డెనుకు ప్రిన్సిపాలు భయము, ప్రిన్సిపాలుకు యాజమాన్యపు భయము, యాజమాన్యమునకు ప్రక్క కళాశాల భయము. పైనుండి క్రిందికి జారుచు వచ్చిన ఆ బరువంతయు చివరకు పదునారేండ్ల బిడ్డ వీపున పడును.

ఇంటిలో మన మాట కూడ ఆ బరువులో ఒక రాయి. "నీకొరకు పొలము తాకట్టు పెట్టితిమి, అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నవి" అని ఫోనులో చెప్పు తండ్రి, బిడ్డకు బాధ్యత నేర్పుచున్నాననుకొనును. హాస్టలు వరండాలో నిలుచున్న బిడ్డకు వినబడునది వేరు: నీవు మాకు బాకీ. బాకీదారుడు ఇంటికి తిరిగి వచ్చుటకు సిగ్గుపడును. ఇంటి అప్పు దాచవలెనని నా అభిప్రాయము కాదు. పిల్లలకు ఇంటి స్థితి తెలియుట మంచిదే. ఫలితములు వచ్చుటకు ముందే, ఒక సాయంకాలము కూర్చుండబెట్టి, "ఎంత వచ్చినను నీవు ఈ ఇంటి బిడ్డవే, తప్పినయెడల మరల కట్టుదము, దారి చూచుకొందము" అని నోరు తెరచి చెప్పుడి. అది వారికి తెలుసులే అని ఊరకుండవద్దు. అనేకులకు తెలియదు.

ఆ అధికారి తమమీద నియమించిన నియామకునితో దానియేలు ఎట్లు మాటలాడెనో కూడ గమనింపుడి. పది దినములు పరీక్షించి చూడుమని మర్యాదగా వేడుకొనెను. ఆ నియామకునికి అది ఒప్పుకొనదగిన చిన్న గడువు. బిడ్డ ఒకవారము ఇంటికి వచ్చి నిద్రపోవలెనని, సెక్షను మార్పు నిలుపవలెనని మనము కళాశాలవారిని అట్లే అడుగవచ్చును. తగవుకు పోనక్కరలేదు.

ఇక సంఘములు చేయదగినది. ఫలితముల ఆదివారమున మార్కులు చదువుట మాని, పరీక్ష వ్రాసిన పిల్లలందరి పేర్లను చదువుడి. తప్పినవారి పేర్లు కూడ ఆ వరుసలోనే ఉండవలెను. సండేస్కూలు బహుమతులను గూర్చి కూడ ఒకసారి పెద్దలు కూర్చుండి ఆలోచించుట మంచిది. ఒకే పిల్ల ప్రతి సంవత్సరము ఆరు పళ్లెములు మోసికొనిపోవుచుండగా తక్కినవారు చప్పట్లు కొట్టుటకే వచ్చుచున్నారు.

యౌవనస్థుల కూటములో ఈ రెండు ప్రశ్నలు అడుగుడి. మీకు తెలియని సంగతిని తెలియదని ఏ ఉపాధ్యాయునియొద్ద భయములేక చెప్పగలరు? మార్కులు తగ్గినపుడు మొదట ఎవరికి చెప్పుదురు? రెండవదానికి "ఎవరికిని చెప్పను" అని జవాబు వచ్చినయెడల, ఆ పిల్లవానిని కూటమైన తరువాత ఒంటరిగా పంపవద్దు.

బిడ్డ తిండి మానినను, నిద్ర మానినను, బ్రదుకు వద్దని మాటవరుసకైనను అనినను దానిని అల్లరిగా కొట్టివేయక వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. 2022లో కేంద్ర ప్రభుత్వము పెట్టిన టెలి మానస్ సహాయ కేంద్రమునకు 14416 నంబరున రాత్రియైనను పగలైనను ఫోను చేయవచ్చును. ఖర్చు లేదు, తెలుగులోనే మాటలాడుదురు. ఇంటర్మీడియట్ తప్పినవారికి అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్ష ఉండును గనుక సంవత్సరము పోదు. అయితే ఫీజు గడువు ఫలితములు వచ్చిన కొద్ది దినములలోనే ముగియును. అంత దుఃఖములో ఆ ఇంటివారు తేదీ మరచిపోవచ్చును గనుక, పాస్టరు గారు పరామర్శకు వెళ్లునపుడు దానిని ఒక కాగితముమీద వ్రాసికొని వెళ్లవలెను.