పునాది కన్నా ముందు పిమ్

న్యూజిలాండ్‌లో ఇల్లు కట్టబోయేవారు ముందుగా స్థానిక కౌన్సిల్ నుంచి ‘ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్ మెమొరాండం’ కోరవచ్చు. క్లుప్తంగా పిమ్. 2004 నాటి బిల్డింగ్ యాక్ట్ దీనికి ఆధారం.

ఆ స్థలానికి వరద ముంపు ఉందా, నేల కుంగుతుందా, మట్టిలో విషపదార్థాలు కలిశాయా, వాననీటి, మురుగునీటి గొట్టాలు ఎటు పోతున్నాయి... కౌన్సిల్ రికార్డుల్లోని ఇలాంటి వివరాలు అందులో ఉంటాయి. పునాది తవ్వాక డ్రైనేజీ పైపు బయటపడితే అయ్యే ఖర్చుతో పోలిస్తే దీని రుసుము ఏపాటి!

అయితే పిమ్ అనుమతి పత్రం కాదు. బిల్డింగ్ కన్సెంట్ వేరుగా తీసుకోవాలి.

దరఖాస్తుదారులు తికమకపడేది ‘లిమ్’ దగ్గర. ల్యాండ్ ఇన్ఫర్మేషన్ మెమొరాండం అనే ఈ పత్రాన్ని ఎక్కువగా స్థలం, ఇల్లు కొనేవారు అడుగుతారు. దీనికి ఆధారం స్థానిక సంస్థల అధికారిక సమాచారం, సమావేశాలపై 1987లో వచ్చిన చట్టం; కౌన్సిల్ దీన్ని ఇవ్వాల్సిన గడువు 10 పనిదినాలు.